ఖురియాత్‌లో నలభై ఒక్క గొంతులు

1996 జూన్. బుధవారం ఉదయం తొమ్మిదిన్నర. మస్కట్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పెద్ద హోటల్లో, జువాంబా దేశపు ఆరోగ్యశాఖ ఉపమంత్రి గారు అవినీతి నిర్మూలన మీద ఉపన్యాసం మొదలుపెట్టారు.

నవ్వకండి. నిజంగానే మొదలుపెట్టారు. ఆఫ్రికా దేశాలు లంచగొండితనాన్ని ఎలా అరికట్టాలి, మిగతా దేశాలు వాటికి ఎలా సాయపడాలి అని మూడు రోజుల సదస్సు. రెండో రోజు పొద్దుటి సెషన్ "మహిళలు, అవినీతి". ప్రధాన వక్త ఈ మహానుభావుడు. "స్త్రీ స్వభావతః పవిత్రురాలు. స్త్రీ కూర్చున్న ఆఫీసులోకి లంచం అడుగు పెట్టదు" అని ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని అంటుంటే, ముందు వరసలో దొరలు తలలూపుతూ నోట్సు రాసుకున్నారు. ఆ ఉపన్యాసం రాసిపెట్టింది ఆయన ఆఫీసులో పనిచేసే ఒక అమ్మాయి. ఆమె ప్రమోషన్ ఆర్డరు ఏడు నెలలుగా ఆయన గెస్ట్‌హౌస్‌లో ఉంది. సాయంత్రం ఒక్కతే వచ్చి తీసుకోమన్నాడు పవిత్రతా పూజారి.

అదే తొమ్మిదిన్నరకి అదే మస్కట్‌లో, రువీ బజారులో, "టైపింగ్, ట్రాన్స్‌లేషన్, వీసా ఫారాలు" అని మూడు భాషల్లో బోర్డున్న ఒక ఇరుకు గదిలో, ఏజెంట్ లింబాద్రి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద కంపెనీ కవరాల్, ఒళ్ళో టూల్ బ్యాగ్. ఊరు ఆర్మూరు. నాలుగేళ్ళుగా మస్కట్‌లో ఏసీ మెకానిక్. రూమ్‌లో తనతో ఉండే ఏడుగురికీ అతను ఏసీ మెకానిక్ మాత్రమే. ఊళ్ళో ఉన్న భార్య సుమలతకీ అంతే. ఢిల్లీలో ఎవరికీ తెలియని ఒక డిపార్ట్‌మెంట్‌కి మాత్రం అతను ఏజెంట్ సెవెన్టీన్.

ఎదురుగా టైపు మిషన్ వెనక కూర్చున్న వెంకటరామయ్య ఆ డిపార్ట్‌మెంట్‌కి గల్ఫ్ చీఫ్. కాకినాడ మనిషి. మొహం చూస్తే వీసా ఫారం నింపడానికి తప్ప ఎందుకూ పనికిరాడనిపిస్తుంది. ఆ మొహమే ఆయన పెట్టుబడి.

"ఏవయ్యా, ఉపన్యాసం రేడియోలో వస్తోందిట. వింటావా?"

"వద్దు సార్. పొద్దుగాల తిన్న రొట్టె బయటికొస్తది."

వెంకటరామయ్య ఒక ఫొటో బల్ల మీద పెట్టాడు. నల్లని గుండ్రటి మొహం, తెల్లని నర్సు టోపీ, సూటిగా చూసే కళ్ళు.

"అజీజా. ముప్ఫై రెండేళ్ళు. జువాంబాలో జిల్లా ఆసుపత్రి మిడ్‌వైఫ్. ఆ దేశానికి మందులు అమ్మేది ఒక విదేశీ ముఠా. గడువు తీరిన మందులకి కొత్త లేబుళ్ళేసి ఆరు దేశాల్లో దింపుతారు. నాయకుడి పేరు ఎహసాన్. మూడు పాస్‌పోర్టులు, ఒకే బుద్ధి. జువాంబాలో సరుకు దిగాలంటే మన ఉపమంత్రి సంతకం కావాలి. పెడతాడు. బదులుగా ముఠా అతన్ని కాపాడుతుంది."

"ఎవరి నుంచి సార్?"

"ఆడవాళ్ళ నుంచి." వెంకటరామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నర్సుకి పోస్టింగ్ కావాలంటే గెస్ట్‌హౌస్‌కి వెళ్ళాలి. కాన్పుకి బెడ్ కావాలంటే వార్డు క్లర్కు పేషెంటు చెల్లెల్ని పంపమంటాడు. మంత్రి నుంచి క్లర్కు దాకా ఒకటే పద్ధతి. నోటు చేతులు మారదు కాబట్టి ఏ ఆడిట్‌కీ దొరకదు. ఇది కూడా లంచమేనని ఆ దేశపు చట్టంలో ఇంకా రాయనే లేదయ్యా. రాయించాలని వాళ్ళ అవినీతి నిరోధక కమిషన్ కిందామీదా పడుతోంది. కమిషనంటే ముగ్గురు మనుషులు, ఒక జీపు. జీపు నడవదు. ఛైర్మన్‌గా ఉన్న రిటైర్డ్ జడ్జిగారు మాత్రం నిప్పులాంటి మనిషి. ఆవిడే మన సాయం అడిగింది."

లింబాద్రికి ఒళ్ళు మండింది. చదువుకుని, కుర్చీ ఎక్కి, నెలనెలా జీతం తీసుకుంటూ, నొప్పులు పడుతున్న మనిషి మంచం దగ్గర బేరం పెట్టేవాణ్ణి ఏమనాలో అతనికి తెలిసిన నాలుగు భాషల్లోనూ మాట దొరకలేదు.

"అజీజా నలభై ఒక్క మంది ఆడవాళ్ళ గోడు టేపు రికార్డర్‌లో పట్టింది. వాళ్ళల్లో చాలామందికి రాయడం రాదు. పేర్లు బయటపెట్టనని ఒక్కొక్కరికీ మాటిచ్చింది. అసలు టేపుల్ని ముఠా తగలబెట్టింది. ఒక్క కాపీ లాంచీలో మస్కట్ చేరింది. ఇదీ." తొంభై నిమిషాల క్యాసెట్ ఒకటి ముందుకు జరిపాడు.

"గిది కమిషన్‌కు పంపిస్తే అయిపాయె గద సార్?"

"క్యాసెట్ బోనెక్కి ప్రమాణం చెయ్యదయ్యా. రికార్డు చేసిన మనిషి ఎదురుగా నిలబడి, ఇది నేనే చేశాను, నిజం అని చెప్పాలి. శనివారం పదింటికి విచారణ. ఆ మనిషి ఇప్పుడు ఎహసాన్ గుప్పిట్లో ఉంది. సదస్సులో మాట్లాడమని దొంగ ఆహ్వానం పంపి రప్పించారు. ఎయిర్‌పోర్టులోనే పాస్‌పోర్టు లాక్కున్నారు. ఏ గొంతు ఎవరిదో గుర్తుకోసం రాసుకున్న లిస్టు సూట్‌కేసులో దొరికింది. ఆ నలభై ఒక్క పేర్లూ ఊరూరా గోడల మీద అతికిస్తామన్నారు. చేసినవాడికి లేదు గాని సిగ్గు, చెప్పుకున్నదానికి మాత్రం కాపురం కూలుతుంది. అందుకని ఆవిడ సంతకం పెట్టడానికి ఒప్పుకుంది."

"ఏమని?"

"ఆ మాటలన్నీ నేనే అల్లాను, మంత్రిగారు నిర్దోషి అని. రేపు మధ్యాహ్నం నమాజు అయ్యాక, కొండల అవతలి రేవు ఊరు ఖురియాత్‌లో, ఒక షేక్ ఇంట్లో. ఆయన తండ్రి జువాంబా రేవుల్లో వ్యాపారం చేసి అక్కడే పోయాడు. ఆ వంశం మాటంటే అక్కడ ఇవాళ్టికీ శిలాశాసనం. పాపం షేక్‌కి ఏమీ తెలీదు. ఎవరివో రెండు కుటుంబాల తగువు తీరుస్తున్నాననుకుంటున్నాడు. ఆయనా, ఊరి పెద్దలిద్దరూ సాక్షి సంతకాలు పెడితే అజీజా మాట ఇంక ఎవడూ నమ్మడు."

"సంతకం తర్వాత?"

"రేవులో లాంచీ ఉంది. ఆవిడ ఎక్కుతుంది. దిగదు."

వెంకటరామయ్య సొరుగులోంచి రెండు వస్తువులు తీశాడు. ఒకటి ఏసీ గ్యాసు చూసే గేజు. లోపల మైక్రోఫోను ఉంది, బ్యాటరీ మీద పనిచేస్తుంది. రెండోది ఢిల్లీ వాళ్ళు పంపిన పెన్ను కెమెరా.

"ఎండలో పెట్టకు. కరుగుతుంది."

"గల్ఫ్‌కు పంపే సామాను ఎండల పెట్టొద్దా సార్?"

"ఢిల్లీలో చలికాలంలో తయారుచేశార్ట." వెంకటరామయ్య నవ్వలేదు. "మన మనిషి ఒకావిడ లోపలుంటుంది. ఖతీజా. వాళ్ళ ఇంటర్‌ప్రెటర్. ఇద్దరి దగ్గరా పనిచేస్తోంది. ఎటువైపు ఎక్కువో నాకూ తెలీదు. పోయినేడు దుబాయ్‌లో మన వాడొకడు దొరికిపోయిన రోజు అక్కడ అనువాదం చేసింది ఈవిడే. చూసి నడుచుకో."

మత్రా రేవులో చేపల మార్కెట్‌లో పదకొండింటికి జనం పల్చబడ్డారు. లింబాద్రి ఒక బండ ముందు నిలబడి వంజరం చేప మొప్పలు ఎత్తి చూస్తున్నాడు. వెనక ఖరీదైన సెంటు వాసన వచ్చింది. ఆ మార్కెట్‌లో చేపల వాసనని తొక్కి నిలబడ్డ సెంటంటే మామూలుది కాదు.

"షినాస్ పడవలు వచ్చాయా భాయ్?" హిందీలో అడిగిందామె.

"ఇంజన్ ఖరాబైందట. ఆదివారం వస్తయంట."

కోడ్ కలిసింది. లింబాద్రి తల తిప్పాడు. వెండి జరీ అంచున్న నల్లటి అబాయా, నల్లకళ్ళద్దాలు, ఎత్తు మడమల బూట్లు. ఆ బూట్లతో తడినేల మీద జారకుండా నడుస్తోందంటే కాళ్ళ మీద మంచి అదుపున్న మనిషి. చేపలమ్మేవాళ్ళు నలుగురూ కత్తులు ఆపి చూస్తున్నారు.

"నీ ప్లాన్ ఏమిటి?" పెదవులు కదలకుండా అడిగింది.

"షేక్ ఇంట్ల ముందటి మజ్లిస్‌ల ఏసీ బాగుచేసే డ్యూటీ నాది. గేజు పెట్టి అన్నీ వింట. సంతకం టైముకు మెయిన్ స్విచ్ గుంజేస్త. ఉక్కపోతకు అందరూ బయటికొస్తరు. గా సందుల అజీజాను వెనక దర్వాజ నుంచి నా వ్యాన్ల ఎక్కిస్త."

ఖతీజా కళ్ళద్దాలు కొంచెం కిందికి దించి అతన్ని ఎగాదిగా చూసింది. "మగవాళ్ళ ప్లాన్. స్విచ్చులు, వైర్లు. ఆ క్యాసెట్ నాకివ్వు. ఆ ఇంట్లో దానితో నాకు పని ఉంది."

"ఇయ్య."

"నన్ను నమ్మవా?"

"మేడమ్, నేను నా గేజును గూడ నమ్మ. రెండుసార్లు చూస్త."

ఆమె భుజాలెగరేసి వెళ్ళిపోయింది. ఆమె ఎర్ర కారు సముద్రపు ఒడ్డు రోడ్డు మలుపు తిరిగేదాకా చేపలమ్మేవాళ్ళ కత్తులు లేవలేదు.

గురువారం మధ్యాహ్నానికి లింబాద్రి వ్యాన్ కొండల్లోంచి దిగి ఖురియాత్ చేరింది. షేక్ ఇల్లు సముద్రానికి వంద గజాల దూరంలో, తెల్లటి గోడలతో ఉంది. ముందు మగవాళ్ళ మజ్లిస్, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే హాలు. వెనక ఆడవాళ్ళ వైపు, దాన్ని ఆనుకుని వంటిల్లు. వంటింటి కిటికీ కిందే ఏసీల ఔట్‌డోర్ మిషన్లు. లింబాద్రి మజ్లిస్‌లో గేజు తగిలించి, వెనక్కి వచ్చి, వాక్‌మన్ ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకున్నాడు. చూసేవాళ్ళకి పాటలు వింటున్న ఏసీ మెకానిక్.

కిటికీలోంచి ఒక నడివయసు ఆడమనిషి తొంగి చూసింది. గంగులమ్మ, రాయచోటి మనిషి. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో వంట.

"ఏం నాయనా, ఆ మిషను సల్లగాలి ఇస్తాదా ఈపొద్దన్నా?"

"ఇస్తదక్కా. పొద్దున ఒకామెను తీస్కొచ్చిండ్రా ఇంటికి?"

"యాడ తెచ్చినారో ఏమో, నల్లపిల్ల. ముసలి మామ గది పక్కన కూచోబెట్టినారు. నోరు ఇప్పదు, నీళ్ళు తాగదు. ఆ గుమ్మం కాడ ఎవడో దున్నపోతు కాపలా. వాని అంగీ కింద తుపాకి ఉంది నాయనా, నేను కండ్లారా చూసినా."

యజమానురాల్ని అక్కడి పనివాళ్ళు మామా అంటారు. ముసలి మామ అంటే షేక్ తల్లి, ఊరంతా బీబీ అని పిలిచే ఆవిడ. ఎనభై రెండేళ్ళు. దున్నపోతు అంటే ఖమరుద్దీన్, ఎహసాన్ మనిషి. వెనక గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. లింబాద్రి ప్లాన్‌లో ఆ కుర్చీ లేదు.

ఇయర్‌ఫోన్లలో మజ్లిస్ మొదలైంది. షేక్, ఊరి పెద్దలిద్దరు, ఎహసాన్, ఉపమంత్రి, ఖతీజా. కాఫీ పోస్తున్నారు. హల్వా తిరుగుతోంది. అతిథి నోరు తీపి చెయ్యకుండా పని మాట ఎత్తడం ఆ ఇంట్లో లేదు.

"ఈ ముసలాడు ఇంకెంతసేపు కాఫీ తాగిస్తాడు?" ఉపమంత్రి ఇంగ్లీషులో విసుక్కున్నాడు.

"మీ కాఫీ రుచికి మంత్రిగారు ముచ్చటపడుతున్నారు," ఖతీజా అరబ్బీలో చెప్పింది. షేక్ సంతోషించి ఇంకో కప్పు పోయించాడు.

"ఈ ఎడారి మనుషులకి తొందరంటే ఏమిటో తెలీదు."

"మీ ఊరి నెమ్మది ఆయనకి నచ్చిందట."

ఎహసాన్‌కి వచ్చిన అరబ్బీ బేరాలదాకానే. పట్టుకోలేకపోయాడు. లింబాద్రికి నవ్వొచ్చింది, భయం కూడా వేసింది. ఇంత చక్కగా మాటలు మార్చే మనిషి తన దగ్గర ఎన్ని మార్చిందో?

రెండున్నరకి ఎహసాన్ కాగితం బయటికి తీశాడు. లింబాద్రి మెయిన్ స్విచ్ గుంజాడు. ఏసీలు ఆగాయి. ఆఁ, ఇప్పుడు లేస్తారు అనుకున్నాడు.

ఎవరూ లేవలేదు. షేక్ నింపాదిగా కిటికీలు తెరిపించాడు. సముద్రపు గాలి వచ్చింది. ఏసీలు పుట్టకముందు నుంచీ ఆ ఊరు ఆ గాలితోనే బతికింది. చెమటలు పట్టింది ఒక్క ఉపమంత్రికే. నాలుగేళ్ళుగా గల్ఫ్‌లో ఉంటూ ఇంత చిన్న సంగతి తట్టనందుకు లింబాద్రి తనని తాను ఆర్మూరు భాషలో తిట్టుకున్నాడు.

"ఆ అమ్మాయిని తీసుకురా," ఎహసాన్ ఖతీజాతో అన్నాడు. "ఫైలు కూడా నువ్వే పట్టుకో."

ఫైలు మొయ్యడం ఆడవాళ్ళ పని అని ఎహసాన్ నమ్మకం. పాస్‌పోర్టు, పేర్ల లిస్టు అందులోనే ఉన్నాయి. లిస్టుకి కాపీ లేదు. కాపీ తీస్తే తన మనుషుల్లోనే ఎవడో దాంతో వేరే దుకాణం పెడతాడని అతని భయం. దొంగల ముఠాలో ఒకరి మీద ఒకరికి ఉండే గౌరవం అంతే.

నిమిషంలో ఖతీజా వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. కళ్ళద్దాలు లేవు. "నీ స్విచ్చు అయిపోయింది. క్యాసెట్."

"ఎందుకో చెప్పు."

"బీబీ పుట్టింది జువాంబా తీరంలో. పెళ్ళయ్యేదాకా అక్కడే ఉంది, ఈ గొంతుల భాష ఆవిడదే. షేక్ తాత ముత్తాతల పేర్లన్నీ ఎహసాన్ రాసిపెట్టుకున్నాడు. తల్లి ఎక్కడిదో మాత్రం అడగలేదు. ముసలిదానితో ఏం పని అనుకున్నాడు." ఆమె చెయ్యి చాచింది. "టైము లేదు భాయ్."

లింబాద్రి చెయ్యి జేబులోనే ఉండిపోయింది. ఇచ్చాక ఈవిడ నేరుగా ఎహసాన్ చేతిలో పెడితే? నలభై ఒక్క గొంతులూ నేలపాలు. ఇవ్వకపోతే? పది నిమిషాల్లో సంతకం, అరగంటలో లాంచీ.

ఇచ్చేశాడు.

లోపల బ్యాటరీ టేప్ రికార్డర్ మీట నొక్కిన చప్పుడైంది. ఒక ఆడగొంతు మొదలైంది. నెమ్మదైన గొంతు, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటోంది. భాష తెలియకపోయినా ఆ మాటలేమిటో లింబాద్రికి తెలుసు, చీఫ్ ఇంగ్లీషు కాగితాలు చదివించాడు. మొదటి గొంతు ఒక నర్సుది. "నా పోస్టింగ్ లెటర్ సొరుగులో ఉందన్నాడు. సొరుగు తాళం పడగ్గదిలో ఉందన్నాడు." రెండోది ఒక తల్లిది. "ఆసుపత్రి గేటు బయట నాకు నొప్పులు. నా చెల్లెలికి పద్నాలుగేళ్ళు. దాన్ని లోపలికి పంపితే నాకు మంచం ఇస్తానన్నాడు. నేను గేటు బయటే కన్నాను. బిడ్డ దక్కలేదు."

గంగులమ్మ కిటికీ పక్కన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. "బాస తెలీదు నాయనా. ఏడుపు తెలస్తాంది."

టేపు ఆగింది. బీబీ అజీజాని ఏదో అడిగింది. అజీజా ఒక్క మాటలో బదులిచ్చి, ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు పూర్తి కానిచ్చారా? ఖమరుద్దీన్ గుమ్మం దగ్గర్నుంచి అరిచాడు. "ఆలస్యమైంది! బయటికి రండి!" అజీజా లేచి, కళ్ళు తుడుచుకుని, ఖతీజా వెనకే మజ్లిస్ వైపు నడిచింది.

ఫైల్లో ఉండాల్సిన ఒక కాగితం బీబీ ఒళ్ళో ఉండిపోయింది.

బీబీ లేచి వంటింట్లోకి వచ్చింది. ఎండిన చెయ్యి, వేళ్ళకి వెండి ఉంగరాలు. మట్టి ధూపం కుంపటి తెమ్మని సైగ చేసింది. గంగులమ్మ పొయ్యిలోంచి బొగ్గులు తీసి వేసింది. బొగ్గులు సగమే ఎర్రబడ్డాయి. గంగులమ్మ విసనకర్ర ఊపసాగింది.

ఇయర్‌ఫోన్లలో ఎహసాన్ గొంతు. "ఇక్కడ సంతకం చెయ్యి."

పెన్ను మూత తీసిన చప్పుడు. అజీజా సన్నటి గొంతుతో ఇంగ్లీషులో అంది. "ముందు ఆ లిస్టు చింపండి. నా కళ్ళముందు."

"సంతకం అయ్యాక."

"ముందు."

"సరే, దిక్కుమాలిన పట్టుదల. ఖతీజా, లిస్టు ఇలా ఇవ్వు. చూపించు దానికి."

ఫైలు తిరగేసిన చప్పుడు. ఒకసారి. రెండుసార్లు. కిటికీకి ఇవతల లింబాద్రి ఏసీల్లో నింపే గ్యాస్ సిలిండర్‌ని దగ్గరికి లాక్కున్నాడు. వంటింట్లో బొగ్గులు ఇప్పటికి ఎర్రబడ్డాయి. బీబీ ఆ కాగితాన్ని చదవకుండానే నాలుగు మడతలు పెట్టి నిప్పుల్లో పెట్టింది. అంచులు ముడుచుకున్నాయి. దాని మీద గుప్పెడు సాంబ్రాణి చల్లి, కాఫీ పోసే ముసలి పనివాడి చేతికి కుంపటి ఇచ్చి అరబ్బీలో అంది. "అతిథులకి పట్టు."

"లిస్టు ఎక్కడే?" ఎహసాన్ అరిచాడు.

"వస్తోంది సార్," ఖతీజా చల్లగా అంది.

మజ్లిస్‌లోకి ధూపం వచ్చింది.

ఆ దేశంలో ఒక మర్యాద ఉంది. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పరు. అతిథి వస్తే కాఫీ, హల్వా, కబుర్లు. అన్నీ అయ్యాక చివర్న ధూపం తిప్పుతారు. ధూపం వచ్చిందంటే గడ్డానికీ బట్టలకీ పొగ పట్టించుకుని, ఇంటివాళ్ళని దీవించి, లేచి వెళ్ళిపోవాలి. దాని తర్వాత కూర్చున్నవాడు మనిషి కాడు. ఇంటి యజమాని కూడా పొండి అని నోటితో చెప్పనక్కర్లేదు.

ఊరి పెద్దలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత త్వరగానా? కానీ పంపింది బీబీ. ఆ ఇంట్లో, ఆ వాడలో ఆవిడ పంపిన ధూపానికి తిరుగులేదు. గడ్డాలకి పొగ పట్టించుకుని, షేక్‌ని దీవించి, చెప్పులేసుకుని నడిచారు. షేక్ కూడా లేచి నిలబడ్డాడు.

ఉపమంత్రి మాత్రం దిండుకి ఆనుకునే ఉన్నాడు. తనకేదో ప్రత్యేక గౌరవం చేస్తున్నారనుకున్నాడు. కుంపటి దగ్గరికి లాక్కుని, రెండు చేతులా పొగ సూటులోకి తోసుకుని, "మంచి వాసన" అన్నాడు. నలభై ఒక్క మంది పేర్లు మసైపోయి ఆయన టై మీద వాలుతున్నాయి. ఖతీజా వంగి అజీజా చెవిలో వాళ్ళ భాషలో ఆ సంగతే చెప్పింది.

పెన్ను నేల మీద పడింది. "నేను సంతకం పెట్టను," అంది అజీజా. ఈసారి గొంతు సన్నగా లేదు. "అవన్నీ నిజం."

"ఏమిటీ తమాషా?" ఉపమంత్రి మొహం కందగడ్డయింది. "ఖతీజా! ఆ పొగ అవతల పారేసి, ఆ సాక్షుల్ని వెనక్కి పిలిచి, నోర్మూసుకుని కూర్చోమని ఈ ముసలాడికి చెప్పు!"

ఖతీజా షేక్ వైపు తిరిగింది. గంట నుంచి చక్కెర పూసి చెప్పిన మనిషి ఈసారి ఒక్క అక్షరం మార్చలేదు. పొగ, పారెయ్యడం, ముసలాడు, నోర్మూసుకోవడం, అన్నీ వరసగా, శుభ్రమైన అరబ్బీలో అప్పజెప్పింది.

షేక్ అరవలేదు. "అది మా అమ్మ పంపిన ధూపం," అన్నాడు. "ఈ అమ్మాయి ఇప్పటినుంచీ మా అమ్మ అతిథి. మీరు వెళ్ళవచ్చు."

ఎహసాన్ తలుపులోంచి ఈల వేశాడు. వెనక గుమ్మం దగ్గర ఖమరుద్దీన్ లేచి, అంగీ కింద చెయ్యి పెట్టి లోపలికి దూసుకెళ్ళబోయాడు. తుపాకి బయటికొచ్చేసరికి లింబాద్రి గ్యాస్ సిలిండర్ పైపు అతని మణికట్టు మీద ఉంది. వాల్వు తిప్పాడు. మంచు కంటే చల్లటి గ్యాస్ బుస్సుమంది. ఖమరుద్దీన్ వేళ్ళు తెల్లబడి కర్రల్లా బిగుసుకుపోయాయి. తుపాకి దానంతటదే రాలింది. దున్నపోతు కూలబడి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

"ఏసీ సల్లగుందా?" అడిగాడు లింబాద్రి.

నాలుగున్నరకి వ్యాన్ మస్కట్‌లోని సీబ్ ఎయిర్‌పోర్టు దారిలో ఉంది. వెనక సీట్లో అజీజా, పక్కన బీబీ పంపించిన గంగులమ్మ. ముందు ఎర్ర కారులో ఖతీజా. మూడు పాస్‌పోర్టులున్న ఎహసాన్‌ని షేక్ పంపించిన పోలీసులు రేవు దగ్గరే ఆపారు. ఏ పాస్‌పోర్టు చూపించాలో తేల్చుకోలేక అతను మూడూ ఒకేసారి తీశాడట.

డిపార్చర్ గేటు దగ్గర ఖతీజా పాస్‌పోర్టునీ క్యాసెట్‌నీ అజీజా చేతిలో పెట్టింది. తర్వాత లింబాద్రిని చూసింది. "దుబాయ్ సంగతి అడగవేం?"

"అడుగుదామనే ఉన్న."

"మీ వాడు ఎహసాన్‌కి అమ్ముడుపోయాడు. పట్టించింది నేనే. మీ ఢిల్లీకి నేరుగా రిపోర్టు పంపాను. అక్కడ అది ఏ అల్మరాలో ఉందో మరి."

లింబాద్రికి సిగ్గేసింది. అజీజా అతని రెండు చేతులూ పట్టుకుని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. "వాళ్ళకి మాటిచ్చాను. మాట పోతుందనుకున్నాను." అంతే, వెళ్ళిపోయింది.

శనివారం జువాంబాలో విచారణ హాలు నిండిపోయింది. అజీజా నిలబడి ప్రమాణం చేసింది. క్యాసెట్ వేశారు. పేర్లు చెప్పమని ఉపమంత్రి లాయరు గద్దించాడు. చెప్పనంది అజీజా. గొంతుకి పేరు లేకపోతే సాక్ష్యం చెల్లదని అతను బల్ల గుద్దాడు. అప్పుడు వెనక వరసలో ఒక నర్సు లేచి, ఆ మొదటి గొంతు నాది అంది. ఆమె కూర్చోకముందే ఇంకొకావిడ లేచింది. సాయంత్రానికి నలభై ఒక్క మందీ లేచారు. వాళ్ళని ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. పేర్ల లిస్టు చేతిలో ఉంటే వీళ్ళ నోళ్ళు మూయించవచ్చనుకున్న వెధవలు ఆ రోజు హాల్లో ఉండి చూడాల్సింది. ఉపమంత్రి మాత్రం చూశాడు, పక్కన ఇద్దరు పోలీసులతో.

సోమవారం రువీలో ఫ్యాక్స్ మిషన్ కిర్రుమంది. ఢిల్లీ నుంచి. వెంకటరామయ్య చదివి, మాట్లాడకుండా లింబాద్రికి అందించాడు. అభినందనలు ఒక లైను. తర్వాత: "మిషన్‌లో వాడిన పొగ పరికరం సాంకేతిక వివరాలు, తయారీదారు, ఆపరేటర్ శిక్షణ కాలం వెంటనే తెలియజేయగలరు."

లింబాద్రి టైపు మిషన్ తనవైపు లాక్కుని జవాబు కొట్టాడు.

"మట్టి కుంపటి. ఆపరేటర్ వయసు ఎనభై రెండేళ్ళు. శిక్షణ కాలం కూడా అంతే. డిపార్ట్‌మెంట్‌లో చేరతారా అని అడిగితే, ముందు మీ ఆఫీసులో ఆడవాళ్ళ ప్రమోషన్ ఆర్డర్లు ఎక్కడ ఉంచుతారో చెప్పమన్నారు. ఏం చెప్పమంటారు?"

ఢిల్లీ నుంచి ఇప్పటిదాకా జవాబు రాలేదు.